మూడు రోజుల నీలం

మొదటి ఏడాది జూలైలో వెళ్ళాను.
భుజాన కెమెరా, జేబులో వారం సెలవు.
హెల్యు గడప మీద కూర్చుని
బంగాళాదుంపలు కడుగుతూ తలెత్తి చూసింది.
"పెళ్ళి అయిపోయాక పందిరి చూడ్డానికొచ్చావు" అంది.
చెరువంతా నాచు, చడీచప్పుడు లేదు.
గడ్డిలో వేలిగోరంత పిల్లకప్ప ఒకటి
నా బూటును కొండనుకుని ఎక్కడం మొదలెట్టి
సగం దూరంలో సంగతి మరిచిపోయింది.

రెండో ఏడాది తొందరపడ్డాను. మార్చి.
చెరువు మీద మంచు తలుపు ఇంకా వేసే ఉంది.
"ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు.
వాగు అడుగున కొన్ని, ఆకుల కింద కొన్ని.
నిద్రపోయేవాళ్ళ ఇంటికి తలుపు కొట్టి వెళ్ళకూడదు"
అని నాకు రై రొట్టె ముక్క కోసిచ్చి
తిరుగు బస్సు ఎన్నింటికో చెప్పింది.

బస్సుల వేళలు ఆమెకి కంఠతా వచ్చు.
ఇరవై ఏడేళ్ళు ఈ దారినే నడిపింది,
వోరు ఊరి నుంచి బయల్దేరే రాత్రి ఆఖరి బస్సు.
ఏప్రిల్లో వాన కురిసిన రాత్రులు
టైర్ల కింద ఏదో మెత్తగా చిట్లే చప్పుడు
ఇంజను హోరులోనూ తనకొక్కదానికే వినబడేదట.
రేడియో పెంచేదట.
ఇంటికొచ్చి టికెట్ల పుస్తకం వెనకపేజీలో
తేదీ మాత్రం రాసుకునేది.
పదకొండు. పధ్నాలుగు. ఒక ఏడాది ఇరవై మూడు.
ఎందుకని ఎవరూ అడగలేదు.
అడిగినా చెప్పి ఉండేది కాదు.

మూడో ఏడాది తనే ఫోన్ చేసింది.
"ఐదు డిగ్రీలు. చినుకు. రా."
పెట్టేసింది.

చీకటి పడ్డాక
అడవి తన జేబులు దులుపుకున్నట్టు
తారు రోడ్డు మీదికి కప్పలు.
పసుపు చొక్కాలేసుకుని నలుగురం, నాలుగు టార్చిలు.
పక్కింటి రాగ్నార్‌కి తొమ్మిదేళ్ళు,
చెల్లెలి ఇసక బకెట్ ఎత్తుకొచ్చాడు.
కప్పల్ని తక్కెడలో తూచినవాడెవడో ఎరగను గానీ
బకెట్లో మోసేవాడి బాధ నాకు తెలుసు:
నాలుగు వేస్తే రెండు దూకుతాయి,
ఆ రెండింటి కోసం వంగితే
మిగతా రెండూ.
రాగ్నార్ పైకే లెక్కపెడుతున్నాడు.
అరవై దాటాక తప్పాడు,
ఏడ్చినంత పనిచేసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాడు.

దుంగల లారీ వచ్చింది.
హెల్యు రోడ్డు నడుమ నిలబడింది,
టార్చి కిందికి దించి, కదలకుండా.
డ్రైవరు అద్దం దించి "ఎంతసేపు?" అన్నాడు.
"వాటినడుగు."
అతను ఇంజను ఆపాడు.
కాసేపటికి దిగి, టోపీ తీసి
ఒకదాన్ని అందులో వేసుకుని అటుపక్క వదిలాడు,
ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

మర్నాడు కాదు, ఆ తర్వాత వారానికి
ఎండ కాసిన పొద్దుట పిలిచింది.
తుంగల్లో మగకప్పలు
నీలంగా.
సిరాబుడ్డి పగిలిన బడిపిల్లాడి జేబంత నీలం.
బెకబెక కాదు వాటి మాట,
ఖాళీ సీసాని నీట ముంచితే
గాలి బయటికొచ్చే బుడబుడ.
"మూడు రోజులుంటుంది, మహా అయితే నాలుగు" అంది.
"చేత్తో తాకితే గోధుమరంగు. భయం రంగు అదే."

ఫోటోలు తీయలేదనను. తీశాను.
బాగా వచ్చింది ఒకటే,
వారం కిందటి రాత్రిది:
రాగ్నార్ బకెట్, అంచు మీద ఒక కాలు,
మిగతా కప్ప చట్రం బయట.

ఏ కాలం మంచిదని ఇప్పుడు నన్నడుగుతారు.
ఏప్రిల్ అంటాను. ఐదు డిగ్రీలు, చినుకు,
బూట్లు పాతవైతే మేలు.
హెల్యు పుస్తకం సంగతి చెప్పను.
తేదీ పక్కన ఈసారి రెండు అంకెలు రాసింది:
దాటినవి నాలుగు వందల పన్నెండు,
దాటనివి తొమ్మిది.
తొమ్మిదిని దిద్ది దిద్ది రాసింది,
కాగితానికి చిల్లు పడేదాకా.

బయల్దేరుతుంటే అంది:
"సెప్టెంబరులో వెనక్కి పోతాయి.
రంగుండదు, పాటుండదు,
చలికి మెల్లిగా నడుస్తాయి.
అప్పుడెవరూ రారు."

నా బకెట్ ఆమె వసారాలోనే
బోర్లించి వచ్చాను.